సోరియాసిస్ – విటమిన్ డి

హాస్టల్లో ఎవరి మోచేతి మీదైనా తెల్లటి పొలుసులు కనబడితే చాలు, మనం తామర అనో గజ్జి అనో పేరు పెట్టేస్తాం. ప్లేటు వేరు, పక్క వేరు చేసేస్తాం. తామర, గజ్జి అంటుకుంటాయి, నిజమే. సోరియాసిస్ అంటుకోదు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పినందువల్ల, సుమారు నెల రోజుల్లో మారవలసిన చర్మకణాలు నాలుగైదు రోజుల్లోనే పైకి వచ్చి పేరుకుపోతాయి. అంతే.

విటమిన్ డి తో దీని సంబంధం అనుకోకుండా బయటపడింది. జపాన్‌లో ఎముకలు గుల్లబారిన ఒక రోగికి విటమిన్ డి రకం మందు ఇస్తే సోరియాసిస్ కూడా తగ్గింది. 1985లో వైద్యులు ఆ సంగతి ప్రకటించారు. నేడు వాడుతున్న కాల్సిపోట్రయాల్ పూతమందు కూడా విటమిన్ డి రకానిదే. అది చర్మకణాల తొందరను తగ్గిస్తుంది.

మరి విటమిన్ డి గోళీలు మింగితే సరిపోతుందా? ఈ రోగుల రక్తంలో ఆ విటమిన్ తక్కువగా ఉన్నట్టు చాలా పరిశోధనలు చెప్పాయి. కానీ ఏది కారణమో, ఏది ఫలితమో తేలలేదు. 2023లో వెలువడిన నార్వే పరిశోధనలో, చలికాలం నాలుగు నెలలు గోళీలు వేసుకున్నా వ్యాధి తీవ్రతలో తేడా రాలేదు.

మర్కూక్ ఎండల్లో లోపమెక్కడిది అంటారేమో. తిరుపతి స్విమ్స్ వైద్యులు పరీక్షించినప్పుడు, ఎండలో పనిచేసే పల్లెవాసుల్లోనూ విటమిన్ డి తక్కువగానే ఉంది. తిండిలో కాల్షియం తక్కువ కావడమూ ఒక కారణమని వారు భావించారు. అయినా రక్తపరీక్ష లేకుండా గోళీలు, ఇంజక్షన్లు వద్దంటాం. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. అందాక కొబ్బరినూనె రాసి తడి ఆరకుండా చూసుకోండి. గోకవద్దు. గోకిన చోట కొత్త మచ్చలు లేస్తాయి.