ట్రాక్టరు ఆయిలు దీపము: లోపములను కనుగొను విధము

ట్రాక్టరు ముందు పలకపై నుండు దీపములలో ఆయిలు దీపము మిక్కిలి ముఖ్యమైనది. ఇంజను బేరింగులకు ఆయిలు తగిన ఒత్తిడితో అందనప్పుడు ఇది ఎఱ్ఱగా వెలుగును. ఆయిలు అందని ఇంజనును నడిపినచో కొద్ది నిమిషములలోనే బేరింగులు చెడి, ఇంజను పట్టివేయును. మరమ్మతు ఖర్చు ఒకవైపు, దుక్కి అదును తప్పుట మరొకవైపు రైతునకు నష్టము కలిగించును.

పాత ట్రాక్టర్లలో ఈ దీపమే చెడిపోవుట కలదు. దీపము వెలుగుట లేదు గనుక ఇంజను క్షేమమని తలచరాదు. బల్బు మాడిపోయినను దీపము వెలుగదు గదా!

పనిచేయు విధము: బ్యాటరీ కరెంటు తాళపు స్విచ్చి, బల్బు, ఒక తీగ ద్వారా ఇంజను ప్రక్కన బిగించిన ఆయిలు స్విచ్చికి చేరును. ఒత్తిడి లేనప్పుడు ఈ స్విచ్చి తీగను ఇంజను ఇనుముతో కలుపును. అప్పుడు దీపము వెలుగును. ఒత్తిడి రాగానే స్విచ్చి తీగను విడదీయును. దీపము ఆరును.

ప్రతిదినము చేయవలసిన పరీక్ష: స్టార్టు చేయుటకు ముందు తాళము త్రిప్పి చూడవలెను. దీపము వెలుగవలెను. ఇంజను స్టార్టు అయిన కొన్ని సెకండ్లలో అది ఆరవలెను.

తాళము త్రిప్పినను వెలుగనిచో:

1. ఇంజను ఆపియుంచి, ఆయిలు స్విచ్చి నుండి తీగను ఊడదీయుడు.

2. తాళము త్రిప్పి, తీగ కొనను ఇంజనుపై రంగు లేని శుభ్రమైన ఇనుమునకు తాకించుడు.

3. దీపము వెలిగినచో బల్బు, తీగ మంచివి. స్విచ్చి కొనను శుభ్రపరచి, తీగను బిగించి చూడుడు. అప్పటికిని వెలుగనిచో స్విచ్చిని మార్చవలెను.

4. తాకించినను వెలుగనిచో ఫ్యూజు, బల్బు, హోల్డరు తుప్పు, తీగ తెగుట వరుసగా చూడుడు. ఎలుకలు తీగలను కొరుకుట సాధారణము.

ఇంజను నడుచుచుండగా వెలిగినచో:

1. వెంటనే ఇంజను ఆపుడు. చాలు పూర్తి చేయుటకైనను ఆగరాదు.

2. సమతలమున 10 నిమిషములు నిలిపి, కొలపుల్లతో ఆయిలు మట్టము చూడుడు. తగ్గినచో సరియైన రకపు ఆయిలు పోసి, కారుచున్న చోటును వెదకుడు.

3. మట్టము సరిగా నున్నచో, ఇంజను ఆపియుంచి, స్విచ్చి తీగను ఊడదీసి తాళము త్రిప్పుడు. దీపము ఇంకను వెలుగుచున్నచో తీగ ఒరిసి ఎక్కడనో ఇనుమునకు తగులుచున్నది. ఆరినచో లోపము స్విచ్చిలోనో, ఆయిలు ఒత్తిడిలోనో ఉండును. మెకానిక్కుచే ప్రెషరు గేజి పెట్టించి చూచువరకు ట్రాక్టరును పనికి వాడరాదు.

ఈ పరీక్షలు ఒకే తీగ గల పాత రకపు ఆయిలు స్విచ్చికి మాత్రమే వర్తించును. ఎలక్ట్రానిక్ పరికరములు గల కొత్త ట్రాక్టర్లపై చేయరాదు.

కొందరు డ్రైవర్లు ఆరని దీపమునకు విసిగి బల్బును తీసివేయుదురు. అట్లు ఎన్నడును చేయనీయరాదు. బల్బు ఖరీదు స్వల్పము. ఇంజను ఖరీదు అట్టిది కాదు.