ఒక ఆసనమునకు నలుగురు

అర్ధరాత్రి వేళ పల్లెలో ఒక ఇల్లాలికి పురిటినొప్పులు వచ్చినవనుకొందము. ఇంటివారు 108కు ఫోను చేయుదురు. వాహనము వచ్చును. దారిలోనే కాన్పు జరిగి, రక్తస్రావము ఆగకపోయినచో ఆ తల్లి ప్రాణము వాహనపు వేగముపై కంటె వెనుక ఆసనములో కూర్చున్న మనిషిపై ఎక్కువగా ఆధారపడియుండును. ఆ మనిషి శిక్షణ పొందినవాడు కావలెను. నిద్ర లేక సోలిపోవువాడు కారాదు. ఆ ఆసనము ఖాళీగా నున్నచో అది అంబులెన్సు కాదు, పడక గల బండి మాత్రమే.

క్రొత్త వాహనములు వచ్చినపుడు అవి ఎన్నియని మనము లెక్కింతుము. వానిలో పనిచేయువారు ఎందరని అడుగువారు అరుదు. సిబ్బంది చాలనపుడు నిర్వహణ సంస్థలు ఏమి చేయును? అందులో ఏది మేలు, ఏది కీడు? ఈ విషయమును గ్రామవాసులు తెలిసికొనుట అవసరము.

వారెవరు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. ప్రభుత్వము ధనమిచ్చి, నిర్వహణను ఒప్పందముపై ఒక సంస్థకు అప్పగించుట ఈ సేవలో అనుసరించుచు వచ్చిన పద్ధతి. ఉద్యోగులను నియమించునది, జీతములిచ్చునది ఆ సంస్థయే. వాహనమునకు ఇద్దరు మనుష్యులు కావలెను. నడుపువానిని ‘పైలట్’ అందురు. రోగి ప్రక్కన కూర్చుండి చికిత్స చేయువారు ‘ఈ.ఎం.టి.’, అనగా అత్యవసర వైద్య సహాయకులు. ప్రాణవాయువు నందించుట, రక్తస్రావమును అదుపుచేయుట, విరిగిన ఎముకకు బద్దలు కట్టుట, దారిలో కాన్పు చేయుట వీరి పనులు. ఇట్టి వృత్తులవారి చదువునకు, నమోదునకు దేశమంతటను ఒకే ప్రమాణము ఉండవలెనని 2021లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. ఆ చట్టపు పట్టికలో పారామెడిక్ వృత్తి కూడ చేరినది.

మనుష్యుల లెక్క

ఇక లెక్కకు వత్తము. వారమునకు 168 గంటలు. అంబులెన్సు ఆ 168 గంటలును సిద్ధముగా నుండవలెను. ఒక ఆసనమునకు ఇద్దరినే నియమించినచో ఒక్కొక్కరు వారమునకు 84 గంటలు పనిచేయవలసివచ్చును. ముగ్గురైనచో 56 గంటలు. నలుగురైనచో 42 గంటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికునకు వారమునకు 48 గంటలను హద్దుగా నిర్ణయించినది. అది అంబులెన్సుల కొరకు వ్రాసిన చట్టము కాకపోయినను మనకు కొలబద్దగా పనికివచ్చును. ఆ హద్దులో నిలువవలెనన్నచో ముగ్గురు చాలరు, నలుగురు కావలెను.

నలుగురున్నపుడు ఒక్కొక్కరికి వారమునకు 6 గంటలు మిగులును. ఏడాదికి అది 312 గంటలు, అనగా పన్నెండేసి గంటల పనివంతులు 26 అగును. సెలవులు, జబ్బు, ఇంట శుభాశుభములు, మరల శిక్షణకు పోవుట – అన్నియు ఆ 26లోనే సరిపెట్టుకొనవలెను. కావున నలుగురుండుట విలాసము కాదు, కనీసావసరము. వాహనములో రెండు ఆసనములు గనుక బండి ఒక్కటికి ఎనమండుగురు. పది బండ్లు కొన్నవారు ఎనుబదిమందిని సిద్ధపరచుకొనవలెను.

కొరత ఎందుచేత వచ్చును?

కొన్నిచోట్ల ఈ లెక్క ప్రకారము ఉద్యోగములే మంజూరు కావు. మరికొన్నిచోట్ల మంజూరైనను మనుష్యులు నిలువరు. రాత్రిపని, ప్రమాదస్థలములలో దూషణలు, ఒప్పందపు కొలువు, ఏండ్లు గడచినను పైమెట్టు లేకపోవుట – ఇవన్నియు కలిసి నేర్పరియైన యువకుని పగటిపూట పనిచేయు ఆసుపత్రి ఉద్యోగమునకో, పరదేశమునకో త్రిప్పును. అతడు పోవునపుడు అతని అనుభవము కూడ పోవును. క్రొత్తవాడు ఆ చేతివాటము సంపాదించుటకు చాల కాలము పట్టును.

సంస్థలు చేయు ఏర్పాట్లు

మొదటిది, ఉన్నవారిచేతనే అదనపు గంటలు పనిచేయించుట. ఇది అన్నిటికంటె సులభమైనది, ప్రమాదకరమైనదియు ఇదియే. వరుసగా 17 గంటలు మేల్కొనియున్న మనిషి చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని స్థితికి దిగజారునని పరిశోధనలు తెలిపినవి. మన మోటారు వాహనముల చట్టము డ్రైవరునకు పెట్టిన హద్దు 0.03 శాతమే. మద్యము త్రాగినవానిని దించివేయుదుము. నిద్రలేనివానిని మెచ్చుకొని బండి ఎక్కింతుము! అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇచ్చుట న్యాయమే. కాని కూలి ఎంత ఇచ్చినను నిద్రను తిరిగి తేజాలము.

రెండవది, ‘బఫర్’ సిబ్బందిని ఉంచుట. అనగా ఏ బండికిని చెందక, సెలవుపై పోయినవారి స్థానమును నింపుటకు సిద్ధముగా నుండువారు. పనిలేనినాడు వీరికి జీతము వృథాయని గణకులకు తోచును. ఇంటిలో అదనపు లాంతరు వెలుగనినాడు వృథాయే. దీపము ఆరిననాడు దాని విలువ తెలియును.

మూడవది, బండ్లను సర్దుట. మనిషి లేని బండిని నిలిపివేసి, ప్రక్క మండలపు బండిని రెండుచోట్లకు త్రిప్పుదురు. పుస్తకములో సేవ నడచుచునే యుండును. పల్లెలో మాత్రము నిరీక్షణ పెరుగును.

నాల్గవది, నేర్పును పంచుకొనుట. ఇద్దరు పారామెడిక్కులుండవలసిన బండిలో ఒక పారామెడిక్కును, తక్కువ శిక్షణ గల సహాయకుని ఒకరిని నియమించు పద్ధతి అమెరికాలో పలుచోట్ల కలదు. మన 108 సేవలో కేంద్ర కార్యాలయమునందున్న వైద్యుడు ఫోనులో సలహా ఇచ్చు ఏర్పాటున్నది. ఇది మంచి తోడు. ఐనను ఫోనులోని వైద్యునకు చేతులు లేవు. చెప్పినది చేయగల మనిషి రోగి ప్రక్కన ఉన్నపుడే ఆ సలహా ఫలించును.

ఐదవది, బయటినుండి మనుష్యులను తెచ్చుకొనుట. 2014లో లండను అంబులెన్సు సంస్థ ఆస్ట్రేలియా దేశమునుండి పారామెడిక్కులను చేర్చుకొనినది. ధనమున్నవారికి ఇది త్వరితోపాయము. కాని ఒకరి కొరత తీరుటకు మరియొకచోట ఆసనము ఖాళీ కావలెను.

ఆరవది, ఉన్నవారిని నిలుపుకొనుట. ఇంగ్లండులో 2016 చివర కుదిరిన ఒడంబడికతో పారామెడిక్కుల వేతనశ్రేణిని ఒక మెట్టు పెంచిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న క్రొత్త వాహనములను ప్రారంభించినపుడు ప్రభుత్వము జీతముల పెంపును కూడ ప్రకటించినది. సేవాకాలమును బట్టి ఈ.ఎం.టి.లకు నెలకు 30,000 రూపాయల వరకును, పైలట్లకు 28,000 రూపాయల వరకును ఇత్తుమనెను. ఈ ప్రకటనలో గమనింపదగినది ‘సేవాకాలమును బట్టి’ యను మాట. అనుభవమునకు విలువ కట్టినపుడే అనుభవజ్ఞుడు నిలుచును. జీతముతోపాటు వేళకు విశ్రాంతి, నిలిపియుంచు స్థావరమున శుభ్రమైన గది, స్త్రీ ఉద్యోగులకు మరుగుదొడ్డి, పైమెట్టునకు దారి ఉండవలెను.

అతుకు ఏది? మందు ఏది?

ఈ ఆరింటిని విడదీయుటకు ఒకే ప్రశ్న చాలును. ఈ ఏర్పాటువలన వచ్చే సంవత్సరమునకు కొరత తగ్గునా, పెరుగునా? అదనపు గంటలు మనిషిని అలయజేసి వెళ్లగొట్టును, కొరత పెరుగును. బండ్లను సర్దుట కొరతను కప్పిపుచ్చును. బయటివారిని తెచ్చుట కొరతను స్థలము మార్చును. నేర్పును పంచుకొనుట హద్దెరిగి చేసినచో కొంత మేలు. తగిన మంజూరు, బఫర్ సిబ్బంది, అనుభవమునకు తగిన జీతము – ఈ మూడే మందు. మొదటి అతుకులు ఒక నెలకు తప్పకపోవచ్చును. అవే అలవాటుగా మారినచో రోగి ప్రాణముతో సంస్థ ఆదాయవ్యయములను సరిచేసికొనుట అగును.

గ్రామము చేయవలసినది

గ్రామసభలో బండి ఉన్నదా యని మాత్రమే అడుగక, మూడు ప్రశ్నలు వేయుడు. మా ప్రాంతపు బండికి పైలట్లు ఎందరు, ఈ.ఎం.టి.లు ఎందరు? గడచిన నెలలో సిబ్బంది లేక బండి ఎన్ని గంటలు ఆగినది? సెలవులోనున్నవారి స్థానమున వచ్చువారెవరు? ఈ ప్రశ్నలు ఉద్యోగులపై ఫిర్యాదు కావు, వారికి అండ.

బండి వచ్చునంతవరకు గడచు నిముషములు గ్రామమువి. ఇంగ్లండు పల్లెలలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు అంబులెన్సుకంటె ముందే రోగిని చేరుచున్నారు. మన ఊరిలో కూడ నలుగురు యువతీయువకులు, ఆశా కార్యకర్తతో కలిసి ప్రథమచికిత్స నేర్చుకొనవచ్చును. గుండె ఆగినవాని రొమ్ము నడుమ నిముషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా అదుముట, కారు రక్తమును గుడ్డతో నొక్కిపట్టుట వీరు చేయగలరు. ప్రమాదములో గాయపడినవారికి సదుద్దేశముతో సాయపడినవారికి మోటారు వాహనముల చట్టములో 2019లో చేర్చిన 134ఎ విభాగము రక్షణ ఇచ్చుచున్నది. కావున భయపడి దూరముగ నిలువనక్కరలేదు. ఐతే వీరు అంబులెన్సు సిబ్బందికి తోడు మాత్రమే, బదులు కారు. స్వచ్ఛంద సేవకులున్నారు గదా యని ఉద్యోగములను తగ్గించుట అన్యాయము.

బండి ఆలస్యమైనపుడు వచ్చినవారిపై ఆగ్రహించుట సహజము. వారు ఆ దినమున ఎన్నవ గంట పనిచేయుచున్నారో మనకు తెలియదు. దారి చూపి, రోగిని ఎత్తుటకు చేయి అందించి, మంచినీరు ఇచ్చి పంపుదము. ఆ ఆసనములో నేర్పు గల మనిషి నిలుచుటకు ప్రభుత్వపు ధనము, సంస్థ న్యాయము ఎంత అవసరమో, గ్రామపు ఆదరమును అంతే అవసరము.