అమ్మాయిల క్రికెట్‌లో పోటీ తక్కువేనా?

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. క్రికెట్ అంటే ప్రాణం. అమ్మాయిల్లో పోటీ తక్కువ, జట్టులోకి తేలిగ్గా రావచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, అశోక్‌నగర్

జవాబు: అది పాత మాటండీ. మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో ఆట మొదలుపెట్టిన రోజుల్లో అమ్మాయిలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వచ్చాక ఆ పరిస్థితి పోయింది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి, 7 వికెట్లూ తీసింది. అందుకే ఇప్పుడు ఒక్క బ్యాటింగ్‌తో నెగ్గుకురావడం కష్టం. నెట్స్‌లో అందరూ ప్యాడ్లు కట్టుకుని వరుసలో నిలబడతారు; బంతి తిప్పేవాళ్లు తక్కువ. కడప జిల్లా శ్రీచరణి 2025 మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచిన జట్టులో నిలిచింది ఎడమచేతి స్పిన్‌తోనే. మైదానం దొరక్కపోతే నారాయణగూడ, చిక్కడపల్లి గల్లీల్లో గోడకు బంతి కొట్టి క్యాచ్‌లు పట్టినా మంచిదే. రేపు పదో తరగతికి వచ్చాక చదువు కోసమని ఆట మాన్పించకండి. ఓ గంట తగ్గిస్తే చాలు.