సైన్సు చదివి ఏమైతవు బిడ్డా?



దసరా సెలవుల్లో ఇంటికి పోతే మా అమ్మ ఒక మాట అడిగింది. "సైన్సు చదివి ఏమైతవు బిడ్డా?" అన్నది. డాక్టరు, నర్సు తప్ప నాకు వేరే జవాబు రాలేదు. మన ఇండ్లల్లో ఇదివరకు చదివినవాళ్లు లేరు, చెప్పేటోళ్లు లేరు. అందుకే సైన్సులో పనిచేసిన ఆడవాళ్లు ఏ దారిన వచ్చారో తెలుసుకొని రాస్తున్నాను.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2008లో 'లీలావతీస్ డాటర్స్' అనే పుస్తకం తెచ్చింది. అంటే లీలావతి కూతుళ్లు. అందులో మన దేశపు మహిళా శాస్త్రవేత్తలు సుమారు వంద మంది కథలున్నాయి. చాలామంది తమ కథ తామే రాసుకున్నారు.

1. కమలా సోహోనీ

ఈమె 1933లో బొంబాయిలో డిగ్రీ పాసై బెంగళూరు సైన్సు సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఆడపిల్ల అని డైరెక్టరు సి.వి. రామన్ వద్దన్నారు. అంత పెద్ద శాస్త్రవేత్తే అట్లా అన్నారు! ఆమె పట్టు విడువలేదు. మొదటి ఏడాది షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె పని చూసిన తర్వాత రామన్ గారే వేరే ఆడపిల్లలను కూడా చేర్చుకున్నారు. 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొందింది.

తర్వాత ఆమె నీరా మీద పరిశోధన చేసింది. నీరా మనకు తెలిసిందే. తాటి, ఈత చెట్ల తియ్యటి రసం. ఎండెక్కితే పులిసి కల్లు అయితది, అంటే అందులోని చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. కుండకు లోపల సున్నం పూస్తే తొందరగా పులవదు. నీరాలో విటమిన్లు, ఇనుము ఉన్నాయని, బలం లేని ఆదివాసీ పిల్లలకు, గర్భిణులకు అది మేలు చేస్తుందని ఆమె చూపింది. మన చెట్టు మీది రసం కూడా సైన్సే అని నాకు అప్పుడు తెలిసింది.

2. మంగళా మణి

ఈమె హైదరాబాదులో పాలిటెక్నిక్ డిప్లొమా చదివి ఇస్రోలో చేరింది. 56 ఏండ్ల వయసులో అంటార్కిటికాలోని మన భారతి కేంద్రానికి పోయి 2016-17లో 403 రోజులు ఉంది. 23 మంది జట్టులో ఆడమనిషి ఈమె ఒక్కతే. అంతకుముందు మంచు కురవడం కూడా చూడలేదట!

అంత దూరం ఎందుకు? కొన్ని ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టివస్తాయి. మన షాద్‌నగర్ కేంద్రానికి అవి కొన్నిసార్లే కనబడతాయి. ధ్రువం దగ్గర ఉంటే చాలాసార్లు కనబడతాయి. అక్కడ సమాచారం అందుకొని షాద్‌నగర్‌కు పంపుతారు.

3. మన దగ్గర

సైన్సు బెంగళూరులోనే లేదు. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, కళాశాల ఉన్నాయి. 'జగిత్యాల సన్నాలు' వరి అక్కడిదే. కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఇంటర్‌లో బైపీసీ చదివి వీటికి పోవచ్చు. పది తర్వాత పాలిసెట్ రాస్తే డిప్లొమాలో చేరవచ్చు.

నాకు తెలిసిన ఒక అక్క పది మంచి మార్కులతో పాసైంది. దరఖాస్తు ఆఖరి తేదీ తెలవక ఇంట్లనే ఉండిపోయింది. ఇప్పుడు పత్తి ఏరబోతున్నది. ఆమెకు తెలివి తక్కువ కాదు, చెప్పే మనిషి తక్కువ.

కాబట్టి నా విన్నపం. మన బడి నుంచి పై చదువులకు పోయిన అక్కలు ఏ పరీక్ష రాశారో, ఎప్పుడు రాశారో, ఏ కాగితాలు అడిగారో ఒక్క పేజీ రాసి పంపాలి. వార్డెన్ మేడం గారు అనుమతిస్తే ఈ గోడపత్రిక కింది మూలలో అతికిద్దాం. వచ్చే సెలవుల్లో మా అమ్మ మళ్లీ అడిగితే నేను ఊకె నిలబడను.

- తొమ్మిదవ తరగతి విద్యార్థిని