పరాకుకో గూడు

పాతపట్నం

చి.సౌ. అమ్మలుకి,

అత్త దీవించి వ్రాయునది. వాట్సాప్‌లో అడిగినదానికి కాగితం మీద జవాబేమిటని నవ్వకు. ఫోనులో రాస్తే నాకు వేలు నొప్పి, చదివేవాళ్లకి తొందర.

“వారంలో రెండుసార్లు పాలు పొంగించేశానత్తా, ఈ పరాకు పోవాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగావు. గృహప్రవేశం నాడు పాలు పొంగితే శుభమన్నాం గానీ, వారానికి రెండుసార్లు అంత శుభం ఎవరు భరిస్తారే! పాల సంగతి చివర్లో చెప్తాను. ముందుగా నా మాట ఇది: పరాకుని ఇంట్లోంచి తరమకు. దానికో చోటు చూపించు.

ఆ మాటనే చూడు. రాజుగారు వస్తుంటే “బహుపరాక్” అని కేకలు వేసేవారు. అక్కడ దానికి జాగ్రత్త అని అర్థం. మన వంటింట్లోకి వచ్చేసరికి మనసు ఇక్కడ లేదని అర్థం. ఎదురుబొదురు అర్థాలు రెండూ ఒక్క మాటలో సర్దుకున్నాయి. నేను నీకు నేర్పబోయేదీ ఆ సర్దుబాటే.

మీ నాయనమ్మ దగ్గర బుడితి ఇత్తడి బిందె ఉండేది. బుడితి మనకేమంత దూరం, పక్కనున్న సారవకోట మండలమే. కంచుకీ ఇత్తడికీ ఆ ఊరి పేరు చెప్తే చాలు, ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శుక్రవారం శుక్రవారం నాయనమ్మ చింతపండు గుజ్జూ, పొయ్యిలో బూడిదా పెట్టుకుని పెరట్లో కూర్చునేది. చెయ్యి బిందె చుట్టూ తిరుగుతుండేది, చూపు ఎక్కడో ఉండేది. పిలిస్తే పలికేది కాదు. ఒకసారి గట్టిగా కుదిపి అడిగితే, “ఉండవే, ఇందులో మా పుట్టింటి చెరువు కనబడతంది” అంది. నేను వంగి చూశాను. నాకు నా ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. ఆ చెరువుని చూస్తూ ఆవిడ తోమిన బిందె మాత్రం ఊళ్లో మరెవరింటా అంత మెరిసేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత, బడిలో సైన్సు చెప్పుకునే రోజుల్లో, గాస్టన్ బాష్లార్ అనే ఫ్రెంచి తత్వవేత్త గురించి చదివాను. కుర్రతనంలో పోస్టాఫీసులో పనిచేశాడట, తర్వాత బడిలో సైన్సు చెప్పాడట. అందుకే నాకు దగ్గరవాడిలా అనిపించాడు. ఇల్లు, గది, సొరుగు, పక్షిగూడు — వీటి మీదే 1957లో ఒక పుస్తకం వేశాడు. పాత బల్లని గుడ్డతో రుద్దుతున్నప్పుడు మనసు పెట్టి రుద్దితే, కలగంటూ రుద్దితే, ఆ వస్తువు మళ్లీ కొత్తగా పుడుతుందని ఆయన వాదన. చదివి నవ్వుకున్నాను. మా పెరట్లో శుక్రవారాలు జరిగింది అదే కదా!

అయితే నాయనమ్మ నూనె మూకుడు ముందు ఎప్పుడూ చెరువు చూడలేదు. అది గుర్తుపెట్టుకో. పనుల్లో రెండు జాతులున్నాయి. చేతికి తెలిసిపోయిన పని ఒకటి: బియ్యం ఏరడం, చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం, బట్టలు మడవడం, చుక్కల ముగ్గు పెట్టడం. వీటిలో చెయ్యి తన దారిన తాను పోతుంది, మనసుకి సెలవు. నిప్పూ నూనే కత్తిపీటా ఉన్నది రెండో జాతి. అక్కడ బహుపరాక్! నీటినీ ఇందులోనే చేర్చాలి. చిన్నప్పుడు మహేంద్రతనయలో బట్టలు ఉతుకుతూ నౌపడ నుంచి వచ్చే చిన్న రైలు కూత వినేదాన్ని. 1900లో పర్లాకిమిడి రాజావారి చలవతో వచ్చిన నేరో గేజి బండి అది. ఆ కూతతోపాటు నేనూ గుణుపురం దాటి కొండలెక్కిపోయేదాన్ని. ఒకరోజు తిరిగొచ్చేసరికి మీ తాతగారి కొత్త తువ్వాలు ఏట్లో వెళ్లిపోయింది. దెబ్బలు గట్టిగానే పడ్డాయి.

అసలు చెప్పాలనుకున్నది ఆ కొండల సంగతే. సీతంపేట వైపు ఒక సవర గిరిజనుల ఇంట్లో నేను గోడబొమ్మ చూశాను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లని గీతలు: మనుషులు, గుర్రాలు, చెట్టు, సూర్యుడు, చంద్రుడు, ఓ మూల సైకిలు తొక్కుతున్న మనిషి. అలంకారం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ఒరిస్సా వైపు సవర కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. ఇంట్లో జబ్బు వస్తుంది, లేదా చనిపోయిన పెద్దలు కలలోకి వస్తారు. వాళ్లకి గోడ మీద బొమ్మ గీయిస్తారు. ఆ బొమ్మ వాళ్లు ఉండడానికి కట్టిన ఇల్లు. ఇంట్లో ఇల్లన్నమాట! అందులోకి విమానాలూ సైకిళ్లూ కూడా వచ్చేశాయి. కొత్తగా కంటబడ్డదాన్నీ కొత్తగా కలలోకి వచ్చినదాన్నీ గోడ కాదనలేదు.

   

ఆ గోడబొమ్మతో నాకు పట్టుబడింది ఏమిటంటే, చోటు దొరకని కల ఇంట్లో అల్లరి చేస్తుంది. పాలు పొంగిస్తుంది, ఉప్పు రెండుసార్లు వేయిస్తుంది, అయినవాళ్ల మీద విసుక్కునేలా చేస్తుంది. పాత ఇళ్లలో గోడకి గూడు ఉండేది, దీపం పెట్టుకోడానికి. పిట్టదీ గూడే, దీపానిదీ గూడే. మీ మధురవాడ ఫ్లాటులో గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని అడగాలన్నావు. సరే, వంటింటి అలమరలో ఒక అర ఖాళీ చెయ్యి. అందులో డబ్బాలు పెట్టొద్దు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, నువ్వు సముద్రం ఒడ్డున ఏరుకొచ్చే గవ్వలు, నీకు ఎందుకో నచ్చిన చీర ముక్క. బట్టలు మడుస్తూ ఏదైనా తోస్తే, పని అయ్యాక రెండు ముక్కలు రాసి అక్కడ పడెయ్యి. బాగుండక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు.

కూరలోనూ కొంచెం ఊహని రానియ్యి. వారానికో రోజు, కూరగాయని చేతిలోకి తీసుకున్నాకే ఏం చెయ్యాలో ఆలోచించు. లేత ఆనపకాయకి పాలు పోస్తావో, ముదురుదైతే పులుసు పెడతావో, తొక్కులు పచ్చడికి తీసిపెడతావో అదే చెప్తుంది. ఒక్కోసారి చెడుతుంది. తినండి.

ఒక హెచ్చరిక. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ చదవకపోతే చదువు. అందులో ఒకావిడ ఇంటిని అద్దంలా ఉంచీ ఉంచీ ఒకరోజు తన పేరే మరిచిపోతుంది. చివరికి పాత స్నేహితురాలు పిలిస్తేగానీ గుర్తురాదు. నేను చెప్పిన పగటికలలన్నీ ఇంటి కోసమే కంటే నీకూ ఆ గతే. కర్టెన్ల రంగు గురించి కలలు కనడం నాకు కలగా అనిపించదు, అది కొనుగోళ్ల చీటీ. ఆ అరలోని పుస్తకంలో నీ పేరు రాసిపెట్టు, పుట్టింటి ముద్దుపేరు కాదు, బడి రిజిస్టరులోది.

ఇక పాలు. సన్నమంట మీద పెట్టి, గిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా ఉంచితే పొంగు కొంత ఆగుతుంది. పూర్తిగా ఆగదు. అందుకని దించేదాకా అక్కడే నిలబడు. ఆ కాసేపూ కలలు బంద్.

నాయనమ్మ బిందె అటకమీద ఉంది, దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. తోమడం నువ్వూ మీ ఆయనా వంతులేసుకోండి. చింతపండు ఎలా నానబెట్టాలో అబ్బాయికి తెలియదంటే, అరగంట నీళ్లలో పడేస్తే అదే నానుతుందని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త