హారన్‌ను మోగించే అంచె

దొంగ కారు తలుపు తెరిచాడు. మరుక్షణమే వీధి అంతా వినబడేలా హారన్ మోగింది. తలుపుకూ హారన్‌కూ నడుమ ఏం జరిగిందో చూద్దాం.

తలుపు చట్రంలో బొత్తాంలాంటి చిన్న స్విచ్చి ఉంటుంది. తలుపు తెరవగానే అది పైకి లేచి తన వైరును కారు బాడీకి కలుపుతుంది. బాటరీ ఋణధ్రువం బాడీకే బిగించి ఉంటుంది గనుక కరెంటు తిరిగి వెళ్ళడానికి వేరే వైరు అక్కరలేదు. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్' అంటారు, రబ్బరు చక్రాలమీద నిలబడ్డ కారుకు భూమితో సంబంధం లేకపోయినా! స్విచ్చి కలవగానే అలారం పెట్టె మేలుకొంటుంది.

చిక్కంతా ఇక్కడే. రెండు హారన్లు కలిసి 10 ఆంపియర్ల దాకా లాగుతాయి. పెట్టెలోని ట్రాన్సిస్టరు సాధారణంగా అర ఆంపియరుకు మించి మోయలేదు. నేరుగా కలిపితే కాలిపోయేది పెట్టే. అందుకని మధ్యలో రిలే పెడతారు.

పూర్వం దూరప్రయాణంలో అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీని అంచె అనేవారు. ఇంగ్లీషు 'రిలే' కూడా ఆ అలవాటులోంచి పుట్టిన మాటే. 1835 ప్రాంతంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ, బలహీనమైన కరెంటుతో బలమైన మరో వలయాన్ని నడిపించి చూపాడు. తర్వాత టెలిగ్రాఫుకు ప్రాణం పోసింది ఆ ఉపాయమే.

కారు రిలేను తలకిందులు చేస్తే పిన్నుల దగ్గర అంకెలు కనబడతాయి. 85, 86 పిన్నుల మధ్య సన్నని రాగితీగ చుట్ట ఉంటుంది. దాని నిరోధం సుమారు 80 ఓములు. ఓమ్ నియమం గుర్తుందా? 12ను 80తో భాగిస్తే 0.15 ఆంపియరు. అంతమాత్రం పెట్టె సులువుగా ఇవ్వగలదు. చుట్ట అయస్కాంతమై ఇనుపరేకును 'టిక్'మని లాగుతుంది. అప్పుడు 30వ పిన్ను 87తో కలుస్తుంది. 30కి బాటరీ, 87కు హారన్ కలిపి ఉంటే 10 ఆంపియర్లూ ఆ దారినే పోతాయి, పెట్టెను తాకకుండా.

కొన్నింటిలో 87ఎ అనే ఐదో పిన్ను ఉంటుంది. చుట్టలో కరెంటు లేనప్పుడు 30 దానితోనే కలిసి ఉంటుంది. దొంగ స్టార్టు చేయకుండా ఆపే రిలేకు ఈ పిన్నునే వాడతారు. ఎందుకో తెలుసా? అలారం చెడిపోయి చుట్టకు కరెంటు అందకపోయినా యజమాని బండి కదలాలి గదా!

ఇక అతుకుల సంగతి. ఒకసారి నా పాత కారుకు అదనపు హారన్ నేనే పెట్టుకున్నాను. కొనలు మెలిపెట్టి, టేపు చుట్టి, సైన్సు మాస్టారిని నాకేం అనుకున్నాను. ఎండలకు ఇంజను పక్కన టేపు జిగురు కరిగి ఊడింది. బయటపడ్డ రాగి బాడీకి తగిలింది. ఫ్యూజు వేయలేదు. వైరు పొగలు కక్కింది. బాటరీ తీగ పీకేలోగా నా వేళ్ళు కాలాయి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ తిన్నని దారి దొరికితే కారు బాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అందుకే బాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

వైరు తెగి బాడీకి తగలకపోయినా వదులు అతుకు ప్రమాదమే. దాని నిరోధం 0.1 ఓము అనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చించండి: 10 × 10 × 0.1 = 10 వాట్లు. చిన్న సోల్డరింగు ఐరన్ 25 వాట్లది. ఇక్కడ 10 వాట్ల వేడి కందిగింజంత చోట పుడుతోంది! పైగా ఈ వేడిని ఫ్యూజు గుర్తించలేదు, కరెంటు పెరగలేదు గనుక.

కాబట్టి రెండు కొనలూ రెండేసి సెంటీమీటర్లు ఒలిచి, పోగులు విడదీసి ఒకదానిలోకి ఒకటి జొనిపి, గట్టిగా మెలిపెట్టాలి. ఒక వైరుకు ముందే వేడికి ముడుచుకొనే గొట్టం తొడగడం మరవకండి (అతికాక తొడగలేరు). తర్వాత ఐరన్‌తో వైరును వేడిచేసి, సోల్డరును వైరుమీదే కరగనివ్వాలి. అతుకుకు అటూ ఇటూ వైరును కట్టి ఉంచాలి. సోల్డరు తాగిన పోగులు బిరుసెక్కుతాయి, కుదుపులకు ఆ అంచున తెగుతాయి. కారు తయారీవారు సోల్డరుకు బదులు లోహపు గొట్టంలో పెట్టి నొక్కే అతుకును ఎక్కువగా ఇష్టపడేది ఇందుకే.

చుట్ట చేసే అల్లరి ఒకటి మిగిలింది. కరెంటు ఆగగానే అయస్కాంత క్షేత్రం కూలి, చుట్టలో ఎదురు వోల్టేజి పుడుతుంది. ట్రాన్సిస్టరును చంపేది అదే. 85, 86ల మధ్య డయోడు పెట్టి, గీతవైపు ధనానికి కలిపితే అది అక్కడే తిరిగి చల్లారుతుంది.

నమ్మకం కలగలేదా? ఎనిమిది టార్చి సెల్లులు వరసగా కలిపి, లోపల డయోడుగానీ రక్షణ నిరోధంగానీ లేని రిలేకు ఇవ్వండి. చుట్టకు అడ్డంగా ఒక నియాన్ బల్బు కలపండి. అది వెలగడానికి కనీసం 60 వోల్టులు కావాలి గనుక ముందు వెలగదు. గది చీకటి చేసి, ఒట్టి చేతులు తగలకుండా సెల్లు వైరును చటుక్కున తీయండి. ఎర్రగా ఒక్క మెరుపు!