వెనక్కు పిలిచిన ఫోను

సంతలో కుండ కొనేవారిని మీరు చూసే ఉంటారు. కుండను ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూస్తారు. కంగుమని మోగితే మంచి కుండ. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్లు లెక్క. బియ్యం కొనేవారు నాలుగు గింజలు నోట వేసుకొని కొరికి చూస్తారు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకొని ఆడిస్తారు. వస్తువు మంచిచెడ్డలు తేల్చుకొనే విద్య కొనేవారి చేతిలోనే ఉండేది.

సెల్‌ఫోనును అలా కొట్టి చూడగలమా? దాని మూత మనం విప్పలేము. విప్పినా లోపల ఉన్నది మనకు అర్థం కాదు. పెట్టె మీది పేరు చూసి, ఆ పేరు గలవారు లోపల అంతా సరిగానే చేసి ఉంటారని నమ్మి డబ్బు ఇస్తాము. ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో, ఒకసారి తప్పింది మళ్లీ ఎలా కుదురుకొంటుందో తెలుసుకోవడానికి 2016లో దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్ సంస్థకు ఎదురైన అనుభవం చక్కని ఉదాహరణ.

ముందుగా బ్యాటరీ లోపల ఏమున్నదో చూద్దాం. సెల్‌ఫోనులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీనిని 1991లో జపాన్ దేశపు సోనీ సంస్థ మొదటిసారిగా అమ్మకానికి తెచ్చింది. దీని అభివృద్ధికి మూలకారకులైన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని నిలువ చేసుకోగలగడం దీని గొప్పతనం. దీనిలో ధన ధ్రువంగా ఒక పలుచని రేకు, ఋణ ధ్రువంగా మరొక రేకు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. అన్నిటినీ కలిపి చాప చుట్టినట్లు చుట్టి, ఒక సంచిలో పెట్టి, ఒక ద్రవం నింపి మూసివేస్తారు. ఆ ద్రవం సులభంగా అంటుకొనే గుణం గలది.

ఆ మధ్య పొర మన తలవెంట్రుక కంటె పలుచన. దానికి చిల్లి పడిందా, రెండు రేకులూ తాకుతాయి. తాకిన చోట షార్ట్ సర్క్యూట్ ఏర్పడి వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పదార్థాలు విరిగి మరింత వేడిని పుట్టిస్తాయి. వాయువులు చేరి సంచి ఉబ్బుతుంది. చివరకు పొగ, మంట. పొయ్యి మీది పాలు చూడండి, చాలాసేపు కదలకుండా ఉండి, పొంగడం మొదలయ్యాక మనం చేయి చాపేలోపే పొర్లిపోతాయి. బ్యాటరీ సంగతీ అంతే.

ఇక అసలు కథకు వద్దాం. 2016 ఆగస్టు 2వ తేదీన శాంసంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అనే కొత్త ఫోనును ప్రకటించింది. ఆగస్టు 19న కొరియా, అమెరికా మొదలైన దేశాలలో అమ్మకాలు మొదలయ్యాయి. సన్నని ఫోను, అందులో 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల పెద్ద బ్యాటరీ. అంతకు ముందటి నోట్ 5లో ఉన్నది 3000 మాత్రమే. చోటు తక్కువ, శక్తి ఎక్కువ. జనం ఎగబడి కొన్నారు. వారం తిరగక ముందే కొన్ని ఫోన్లు కాలిపోయిన వార్తలు, ఛాయాచిత్రాలు వెలువడ్డాయి.

సెప్టెంబరు 2న శాంసంగ్ మొబైల్ విభాగాధిపతి కో డాంగ్ జిన్ సియోల్ నగరంలో విలేఖరుల ముందుకు వచ్చి, అమ్మకాలు నిలిపివేస్తున్నామని, అమ్మిన ఫోన్లకు బదులు కొత్తవి ఇస్తామని ప్రకటించాడు. వెనక్కు పిలిచిన ఫోన్లు సుమారు 25 లక్షలు. అప్పటికి సంస్థ దృష్టికి వచ్చిన సంఘటనలు 35 మాత్రమే. సంస్థ లెక్క ప్రకారం పది లక్షల ఫోన్లకు 24 చొప్పున లోపం కనబడింది. ఇంత స్వల్ప సంఖ్యకు అన్ని ఫోన్లూ వెనక్కు తీసుకోవాలా అని మీకు అనిపించవచ్చు. ఏ 24 ఫోన్లు అంటుకొంటాయో ముందుగా తెలిస్తే వాటిని మాత్రమే తీసుకోవచ్చు. తెలియదు గదా! కనుక ప్రతి ఫోనూ అనుమానించదగినదే. దిండు క్రింద ఫోను పెట్టుకొని పడుకొనే వ్యక్తికి లెక్కలు చెప్పి ధైర్యం ఇవ్వలేము.

ఆనాడు చాలామంది ఈ నిర్ణయాన్ని మెచ్చుకొన్నారు. ఇంత పెద్ద నష్టానికి సిద్ధపడ్డారే అన్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే అందులోనే ఒక లోపం దాగి ఉంది. శాంసంగ్ ఈ ఫోనుకు ఇద్దరు తయారీదారుల వద్ద బ్యాటరీలు తీసుకొనేది. కాలిపోయిన ఫోన్లలో ఒక తయారీదారు బ్యాటరీ కనిపించింది. కాబట్టి దోషం అక్కడే ఉన్నదని తలచి, రెండవ తయారీదారు బ్యాటరీలతో కొత్త ఫోన్లు సిద్ధం చేసి పంచిపెట్టారు. మంట ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు పూర్తి జవాబు అప్పటికి ఎవరి వద్దా లేదు. అయినా “ఇవి సురక్షితం” అని మాట ఇచ్చారు. గుర్తుగా ఫోను తెర మీది బ్యాటరీ బొమ్మను ఆకుపచ్చ రంగులో చూపించారు.

సెప్టెంబరు 15న అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం సుమారు పది లక్షల ఫోన్ల ఉపసంహరణను అధికారికంగా ప్రకటించింది. అమెరికాలోనే బ్యాటరీలు విపరీతంగా వేడెక్కిన ఫిర్యాదులు 92 వచ్చాయనీ, వాటిలో 26 మందికి కాలిన గాయాలైనట్లు, 55 చోట్ల ఆస్తినష్టం జరిగినట్లు ఉన్నదనీ ఆ ప్రకటన తెలిపింది.

అక్టోబరు 5న అమెరికాలోని లూయీవిల్ విమానాశ్రయంలో బాల్టిమోర్ వెళ్లవలసిన విమానం బయలుదేరబోతున్నది. ఒక ప్రయాణికుని ఫోను నుండి పొగ లేచింది. అందరినీ హుటాహుటిన దించివేశారు. ఎవరికీ గాయాలు కాలేదు. అది కూడా నోట్ 7 ఫోనే. కాని పాత ఫోను కాదు, దానికి బదులుగా సురక్షితమని చెప్పి ఇచ్చిన ఫోను!

పోయిన నమ్మకంలో ఎక్కువ భాగం ఆ వారంలోనే పోయిందని నా అభిప్రాయం. మొదటి ఫోను కాలినప్పుడు జనం దానిని పొరపాటు అనుకొన్నారు. మార్చి ఇచ్చిన ఫోను కూడా కాలేసరికి, వీరికి తెలియకుండానే తెలిసినట్లు చెప్పారని గ్రహించారు. పొరపాటును లోకం మన్నిస్తుంది. తెలియని దానికి పూచీ పడడాన్ని అంత సులభంగా మన్నించదు. అక్టోబరు 11న సంస్థ ఆ ఫోను తయారీనే శాశ్వతంగా నిలిపివేసింది. ఆ ఒక్క రోజునే సియోల్‌లో శాంసంగ్ వాటా ధర 8 శాతం పడిపోయింది. అక్టోబరు 15 నుండి అమెరికాలో విమానాలలోకి ఆ ఫోనును తీసుకురావడమే నిషిద్ధమైంది. తిప్పి పంపవలసిన వారికి వేడిని తట్టుకొనే పెట్టెలు, చేతి తొడుగులు తపాలాలో పంపారు. కొన్ని వారాల క్రితం ముచ్చటపడి జేబులో పెట్టుకొన్న వస్తువును తొడుగులు వేసుకొని ముట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత చేసిన పని ముందే చేసి ఉండవలసింది. సుమారు 700 మంది పరిశోధకులు, ఇంజనీర్లు 2 లక్షలకు పైగా ఫోన్లను, 30 వేలకు పైగా బ్యాటరీలను పరీక్షించారు. బయటి పరీక్షా సంస్థలను కూడా రప్పించారు. 2017 జనవరి 23న కారణాలు లోకానికి వెల్లడించారు. మొదటి తయారీదారు బ్యాటరీలో పై మూల వద్ద సంచికి తగినంత చోటు లేక ఋణ ధ్రువపు రేకు వంగిపోయింది. రెండవ తయారీదారు బ్యాటరీలో వెల్డింగు చేసిన చోట మిగిలిపోయిన మొనలు పొరను చీల్చుకొని అవతలి రేకును తాకాయి. కొన్నిటిలో వేయవలసిన రక్షణ పట్టీ కూడా వేయలేదు. రెండు బ్యాటరీలు, రెండు వేరు వేరు లోపాలు. ఒకదానిని తప్పించుకోబోయి మరొకదానిలో పడ్డారు. దోషం తయారీదారులదే అయినా, బ్యాటరీ ఎంత ఉండాలో నిర్ణయించినది తామే కనుక బాధ్యత తమదేనని సంస్థ ఒప్పుకొన్నది. ఎక్స్‌రే తీసి చూడడంతో సహా ఎనిమిది రకాల పరీక్షలు ఇకమీదట జరుపుతామని ప్రకటించింది.

ఆ మాటను జనం నమ్మారా? 2017 జూలైలో మిగిలిపోయిన నోట్ 7 ఫోన్లలో 3200 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ అమర్చి, పేరు మార్చి, కొరియాలో 4 లక్షలు అమ్మకానికి పెట్టారు. కొన్నవారున్నారు. కారణం దాచకుండా చెప్పడం వలన కొంత, బ్యాటరీని తగ్గించి చూపడం వలన కొంత ఆ ధైర్యం వచ్చి ఉంటుంది.

మన దేశంలో నోట్ 7 అమ్మకానికే రాలేదు. ధర 59,900 రూపాయలని ప్రకటించిన తర్వాత అమ్మకం ఆగిపోయింది. అయినా దాని సెగ మనకూ తగిలింది. విదేశాలలో కొన్నవారు వెంట తెస్తారని, 2016 సెప్టెంబరు 9న మన పౌర విమానయాన అధికారులు విమానాలలో ఆ ఫోనును వాడరాదని, ఛార్జి చేయరాదని హెచ్చరించారు. సెప్టెంబరు 23న సింగపూరు నుండి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో తలపై అర నుండి పొగ వాసన వచ్చింది. సిబ్బంది వెదకగా ఒక సామానులో నోట్ 2 ఫోను పొగలు కక్కుతున్నది. మంటలార్పే సాధనం ప్రయోగించి, ఆ తర్వాత ఫోనును నీళ్లున్న పాత్రలో ముంచారు. బయటి మంట ఆరినా లోపలి వేడి ఆరదు, దానిని నీరే చల్లార్చాలి. విమానం చెన్నైలో క్షేమంగా దిగింది. అది 2012 నాటి పాత ఫోను, నోట్ 7తో దానికి సంబంధం లేదు. అయినా ఆ పేరు గల ఫోన్లన్నిటినీ జనం అనుమానంగా చూశారు.

మాలో పెద్దవారికి ఇది రెండవ అనుభవం. 2007 ఆగస్టులో నోకియా సంస్థ తన ఫోన్లలోని బీఎల్-5సీ అనే బ్యాటరీలలో 4 కోట్ల 60 లక్షల వరకు లోపం ఉండవచ్చని తెలిపింది. ఆ రోజు మా ఉపాధ్యాయుల గదిలో పాఠాలు చెప్పే తొందర ఎవరికీ లేదు. ప్రతి ఒక్కరూ ఫోను వెనుక మూత తీసి, బ్యాటరీ మీది అంకెలను కళ్లజోడు సవరించుకొని చదువుతున్నారు. ఆనాడు గోటితో మూత తీస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. మార్చవలసినది బ్యాటరీ ఒక్కటే. నోట్ 7 నాటికి బ్యాటరీ ఫోనులోనే అతికి ఉంది. వాడేవాడు చూడనూ లేడు, తీయనూ లేడు.

అందుకే చూడవలసిన బాధ్యతను చట్టం ఇతరులపై ఉంచింది. మన దేశంలో ఇటువంటి బ్యాటరీలను భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేయించిన తర్వాతనే అమ్మాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కు తీసుకోవాలనీ, కొన్నవారికి సొమ్ము తిరిగి చెల్లించాలనీ ఆదేశించే అధికారం ఈ చట్టం క్రింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఫిర్యాదు చేయదలచినవారు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చు.

కొన్నాళ్ల క్రితం మా ఇంట్లో మూలపడిన ఒక పాత ఫోను వెనుక మూత దానంతట అదే లేచింది. చూస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. ఒక అంగడికి తీసుకువెళ్లాను. “ఏం కాదు సార్, కాస్త నొక్కి రబ్బరు వేస్తే అణిగిపోతుంది, ఇంకో ఏడాది వస్తుంది” అన్నాడు ఆ అంగడివాడు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడమంటే ఆ పలుచని పొరను మన చేతులతో మనమే చింపడం. నేను ఒప్పుకోలేదు. దానిని ఛార్జి చేయకుండా, గుచ్చకుండా, చెత్తబుట్టలో వేయకుండా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే చోటికి తీసుకుపోయి ఇచ్చాను. అక్కడి కుర్రవాడు ముందు చేతులకు తొడుగులు వేసుకొని, ఆ తర్వాత దానిని అందుకొన్నాడు.

కొత్త పదాలు
ఉపసంహరణ = వెనక్కు తీసుకోవడం
పూచీ = హామీ, బాధ్యత
బీట = సన్నని పగులు
హుటాహుటిన = మిక్కిలి వేగంగా
నిషిద్ధం = కూడనిది, వద్దన్నది

అభ్యాసం
1. పది లక్షల ఫోన్లలో 24 ఫోన్లకే లోపం ఉన్నా అన్నిటినీ ఎందుకు వెనక్కు పిలువవలసి వచ్చింది?
2. “తెలియని దానికి పూచీ పడడాన్ని అంత సులభంగా మన్నించదు.” ఈ మాటను రచయిత ఏ సందర్భంలో అన్నాడు? దీనితో మీరు ఏకీభవిస్తారా?
3. చెన్నై విమానంలో సిబ్బంది ఫోనును నీటిలో ఎందుకు ముంచారు?
4. మీ పెద్దలు ఏ వస్తువును ఎలా పరీక్షించి కొంటారో అడిగి తెలుసుకొని పది వాక్యాలలో వ్రాయండి.